చెవిలో గొంతు

విమానం తలుపులోంచి దూకిన వినుతకు పైన పారాచూట్ తెరుచుకున్న కుదుపు తెలిసింది. బతికాననుకునేలోపే ఒళ్లు గిర్రున తిరగడం మొదలుపెట్టింది. తలెత్తి చూస్తే తాళ్లన్నీ జడలాగా పెనవేసుకుపోయి మెడ వెనక బిగుసుకున్నాయి. కింద మత్తూరు రోడ్డు, మామిడితోటలు, గుట్టలు ఒకదాని వెనక ఒకటి తిరిగిపోతున్నాయి.

"పైకి చూడప్పా," హెల్మెట్‌లోని రేడియోలో రఘునాథ్ సారు గొంతు పలికింది. కింద మైదానంలో నిలబడి, కొత్తగా దూకేవాళ్లకు ఏం చెయ్యాలో చెప్పే శిక్షకుడాయన. "అది సరిగా విచ్చుకోలేదు. కనపడతా ఉందా?"

"కనపడతా ఉంది సార్," అంది వినుత. ఆ రేడియోలో వినడమే గానీ తిరిగి మాట్లాడే వీలు లేదు. ఆ సంగతి తెలిసీ అంది.

తాళ్లు మెలిపడితే కాళ్లు తన్నమని నిన్న నేల మీద నేర్పారు. పిచ్చిపట్టినట్టు తన్నింది. ఒక మెలి విడింది. ఇంకొకటి కూడా విడుతున్నట్టే ఉంది. పైన గుడ్డ గాలి నింపుకుని నిండుగానే కనిపించింది. సర్దుకుంటుందేమో.

"దానిమీద ఆశ పెట్టుకోవద్దు," అంది గొంతు, ఆమె మనసులో మాట విన్నట్టే. "అది నిన్ను మొయ్యదు. వదిలెయ్. కుడిపక్క ఎర్ర పిడి లాగు, ఆ పారాచూట్ ఊడిపోతుంది. వెంటనే ఎడమపక్క వెండి పిడి లాగు. రెండో పారాచూట్ వస్తుంది."

పట్టుకుని వేలాడుతున్న ఆ ఒక్క ఆధారాన్నీ చేతులారా తెంచుకోవాలి. రెండోది తెరుచుకోకపోతే?

బెంగళూరు పోయొస్తామని అమ్మకు అబద్ధం చెప్పి వచ్చారు. తమ్ముడు తిలక్ రానంటే రానన్నాడు. "నేనుండాను కదరా" అని బతిమాలి తెచ్చింది తనే. వాడు తన వెనకే దూకి ఉంటాడు. అక్క రాలిపోవడం కళ్లారా చూస్తాడు. ఒక్కడే హోసూరు పోయి అమ్మ ముందు నిలబడి ఏమని చెబుతాడు? తల తిప్పి వాణ్ని ఒక్కసారి చూసుకుందామంటే తాళ్లు మెడను కదలనివ్వలేదు.

"నా వల్ల కాదు సార్," అంటూ ఏడ్చింది.

"ఏం చేస్తా ఉండావప్పా? టైము లేదు. నీ కండ్లను నమ్మొద్దు. నన్ను నమ్ము. లాగు."

వినుత కళ్లు మూసుకుంది. అమ్మను తలుచుకుని ఎర్ర పిడి లాగింది.

పైనున్నది ఊడిపోయింది. గాలి చెంపలను చీరేస్తోంది. ఎడమ పిడి ఎక్కడుందో చేతికి దొరకలేదు. దొరికింది. లాగింది. ఇంక అంతా అయిపోయిందనుకుంది.

భుజాలు ఊడిపోయేంత కుదుపు. ఆ వెంటనే నిశ్శబ్దం. పైన రెండో పారాచూట్ తెల్లగా, నిండుగా నిలబడి ఉంది.

"లాగినాను సార్," అంది వెక్కుతూ. "లాగేసినాను."

"ఇంకా ఏమి చూస్తా ఉండావు? ఎర్రది లాగు."

వినుతకు అర్థం కాలేదు. "లాగినాను కదా సార్. చూడండి."

"లాగప్పా. నీ కాళ్లు పట్టుకుంటాను, లాగు." గొంతు పగిలిపోయింది. "నాయనా, లాగు."

తర్వాత గరగరమని చప్పుడు. ఆ తర్వాత అదీ లేదు.

గుట్ట అడ్డమొచ్చి సారుకు తాను కనపడటం లేదేమో అనుకుంది వినుత. చచ్చిపోయాననుకుని ఏడుస్తున్నాడేమో పాపం. తిలక్ కోసం చుట్టూ చూసింది. పొద్దు కళ్లలో కొట్టింది. ఏమీ కనపడలేదు.

గాలి ఆమెను ఒక టమోటా తోటలోకి తోసింది. కర్రలు విరుచుకుంటూ మట్టిలో పడింది. కాయలు కోస్తున్న ముసలమ్మ మునివెంకటమ్మ గంప కింద పెట్టి పరుగెత్తుకొచ్చింది.

"యాడికి పోతా యాడ పడినావమ్మా? దెబ్బలేమన్నా తగిలినాయా?"

ముసలమ్మ తెచ్చిన నీళ్లు వినుత సగం తాగి, సగం ఒలకబోసుకుంది.

"ఏడవొద్దమ్మా. బతికినావు కదా. మీ అమ్మ చేసుకున్న పుణ్యం."

అంతలో గట్టు మీద జీపు ఆగింది. పొద్దున వాళ్లకు పారాచూట్లు, హెల్మెట్లు తొడిగిన కేశవప్ప దిగి వచ్చాడు. వినుత ఎదురుపోయింది.

"అన్నా, మా తమ్ముడు దిగినాడా? యాడుండాడు?"

కేశవప్ప ఆమె ముఖం చూడలేదు. "బాగుండే పారాచూట్ ఎందుకు వదిలేసినావమ్మా?" అని అడిగాడు.

"సారే కదన్నా వదిలెయ్యమనింది. చెవిలో ఒకటే అరుస్తా ఉన్నాడు."

"సారు నీతో మాట్లాడనే లేదమ్మా. నీది మెలి విడిపోయి బాగుండె. ఒక్కొక్కరి రేడియోకి ఒక్కొక్క ఛానలు. సారు అరిచిందంతా మీ తమ్మునికి. వానిది చినిగిపోయి ఉండె. ఎంత మొత్తుకున్నా ఆ పిల్లోడు చెయ్యి కూడా కదపలేదు. కిందికొచ్చేదాకా ఏమీ వినపడనట్టే ఉన్నాడమ్మా."

వినుత గడ్డం కింది పట్టీ ఊడదీసింది. హెల్మెట్ జారి మట్టిలో పడింది. కేశవప్ప వంగి దాన్ని తీశాడు. ఒకసారి దానివైపు, ఒకసారి ఆమెవైపు చూశాడు.

"ఈ పసుపుది తిలక్‌కు ఇచ్చింది కదమ్మా," అన్నాడు. "నువ్వెందుకు పెట్టుకున్నావు?"