వార్డు కార్యాలయంలో ఆచూకీ సేవ

తప్పిపోయిన భార్య కోసం మల్లన్న మా వార్డు కార్యాలయంలో కంటతడి పెట్టారు. ఓటరు జాబితాలో స్త్రీ పేరు కింద భర్త పేరు ముద్రించే ఆనవాయితీ ఉన్నందున, ఆయన పేరు వెదకగానే నీలమ్మ దొరికింది.

“ఫికర్ చేయకు అన్నా. మొన్ననే మొఘల్‌పురా నుంచి ఛత్రినాకకు మారింది,” అని ఇంటి నంబరు రాసిచ్చాము.

“మస్తు పుణ్యం చేసిన్రు సార్!”

మరునాడు నీలమ్మ పగిలిన పెదవితో వచ్చింది.

“నా పేరు కింద వాని పేరు తియ్యిండ్రని ఇల్లు మారినప్పుడే మీ కాళ్లు మొక్కిన గద సార్! ఇంట్ల సొచ్చి కొట్టిండు, బిడ్డను గుంజుకపోయిండు.”

మల్లన్న అర్జీ సంతృప్తికరంగా పరిష్కారమైనట్లు నమోదు చేసుకొని, భర్త పేరు తొలగించుటకు భర్త సంతకం తప్పనిసరి అని ఆమెకు మరోసారి మర్యాదగా తెలియజేశాము.