ఉల్లిగడ్డ గుర్తు

కువైట్‌లో, ఫర్వానియాలోని ఆ ఫ్లాటులో వంటగది తాళంచెవి మూడేళ్లుగా నాగన్న మొలతాడుకే వేలాడుతోంది. మెస్సు పెద్ద అతనే. మాంసం తెచ్చేదీ, వండేదీ, వడ్డించేదీ అతనే. ముక్కలు అతని గిన్నెలోకి, పులుసు మిగతా వాళ్ల గిన్నెల్లోకి పోయేవి.

సాల్మియా నుంచి కొత్తగా వచ్చి చేరిన డ్రైవరు పీర్ సాహెబ్‌కు ఒళ్లు మండింది.

"ఈ శుక్రవారం ఎలెక్షన్ పెట్టాల్సిందే. నేను నిలబడతా. నేను గెలిస్తే అందరికీ సమానంగా ముక్కలు" అన్నాడు.

నాగన్న మొహం మాడ్చుకున్నాడు.

"మా ముత్తాత దొరల కాలంలో మునిసిపల్ కౌన్సిలరు, తెలుసునా? ఓటుకొక పంచె పంచినాడు. ఆయన పంచినాక ఆయన అనుకున్నోడు గెలవంది లేదు. ఆ రక్తమే నాది."

రక్తం ఊరుకుంటుందా? మర్నాడే పంపకాలు మొదలయ్యాయి. మెస్సులో తినేవాళ్లలో పెంచల్‌కు హోటల్ బిర్యానీ. వెంకటేష్‌కు అత్తరు సీసా. చిన్నపుల్లయ్యకైతే ఏసీ కింద ఉన్న తన మంచమే ఇచ్చేశాడు. ఒక్కొక్కరినే బాల్కనీలోకి పిలిచి చెవిలో ఏదో ఊదేవాడు.

"నీ చేతి పులుసు మరిగిన నోరన్నా ఇది" అని పెంచల్ కాసేపు నసిగాడు. "సరేలే, బిర్యానీ తిన్నాం. నువ్వు చెప్పినట్టే వేస్తాం."

పీర్ సాహెబ్ మాత్రం ఎవరికీ టీ కూడా పోయించలేదు. "మీ మనస్సాక్షికే వదిలేస్తున్నా" అన్నాడు. మనస్సాక్షి అప్పటికే బిర్యానీ తిని పడుకుంది. ఓటమి ఖాయమని పాపం అతనూ అనుకున్నాడు.

శుక్రవారం నమాజు నుంచి పీర్ సాహెబ్ రాగానే పోలింగు. నాగన్నది ఉల్లిగడ్డ గుర్తు, పీర్ సాహెబ్‌ది ఆలుగడ్డ. ఒక్కొక్కరే వంటగదిలోకి వెళ్లి, తలుపేసుకుని, నచ్చిన గడ్డను డేగిసా గిన్నెలో వేసి వచ్చారు.

మూత తీశారు. అన్నీ ఆలుగడ్డలే.

పీర్ సాహెబ్ కళ్లు చెమర్చాయి. "చూసినారా? లంచం ఓడిపోయింది. నిజాయితీ గెలిచింది."

నాగన్న తాళంచెవి విప్పి కొత్త పెద్ద చేతిలో పెట్టాడు. గట్టిగా కౌగిలించుకున్నాడు.

"నీకు ఓట్లు కొనేసరికి నా ఏసీ మంచం కూడా పోయింది సాయిబూ, ఇంక నాకు ఖలాస్, రేపట్నుంచి కోడి కూయకముందే లేసి ఇంతమందికీ చపాతీలు చేసేది నువ్వే."