రెండు గోడల మధ్య

గ్రంథాలయం మెట్ల ముందు మిలటరీ జీపులు ఆగాయి.

విద్యార్థులు పుస్తకాలు ఎక్కడివక్కడ వదిలేసి వెనక గుమ్మం వైపు పరుగెత్తారు. నకిబూకా పై అంతస్తు నుంచి దిగేలోపే అక్కడా బూట్ల చప్పుడు మొదలైంది.

సైనిక పాలనను ఎదిరిస్తూ రాసిన కరపత్రాలు ఆమె సంచిలోనే ఉన్నాయి.

“ఇటు రా అమ్మాయ్.”

పిలిచింది ఆ ముసలాయన. వారం రోజులుగా ఆ పై అంతస్తు హాల్లోనే తిరుగుతున్నాడు. ఏ పుస్తకం తెరిచినా పేజీ తిప్పడు. చూపంతా గుమ్మం మీదే. కంపాలాలో అలాంటివాళ్లు ఎవరి మనుషులో అందరికీ తెలుసు. నిన్ననే నకిబూకా అతని ముందు నిలబడి, “మా పేర్లన్నీ చేరవేశావా తాతా, ఇంకెవరైనా మిగిలారా?” అని అడిగింది. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆయన తల దించుకున్నాడు.

ఇప్పుడు పిలిచినా ఆమె వెళ్లలేదు. ఆయనే వచ్చి చెయ్యి పట్టుకుని పడమటి గోడ దగ్గరికి లాక్కెళ్లాడు. బీరువా పక్కనున్న చెక్క పలక ఊడదీశాడు.

“ఇవి రెండు గోడలు. ఎండ వేడి తగలకుండా దొరల కాలంలో ఇలా కట్టారు. మధ్యలో గాలి సందుంది. దూరు.”

“దూరాక వాళ్లకి చూపిస్తావా?” అంది.

“వాదించే తీరిక లేదు తల్లీ.”

“మరి నువ్వు?”

“ఒక్కరికే చోటు.”

పలక మూసుకుంది. చీకటి. ఇటుక పొడి గొంతులో పడినా ఆమె దగ్గలేదు, నోట్లో పిడికిలి కుక్కుకుంది.

బూట్లు మెట్లెక్కి వచ్చాయి.

“ఇన్నాళ్లూ ఎక్కడికెళ్లిపోయావు పెద్దాయనా?” ఎవరో నవ్వుతూ అడిగారు. “నీకోసం మా కళ్లు కాయలు కాచాయి.”

నకిబూకా సంచిని ఒడిసి పట్టుకుంది. అంత చనువా!

“లోపల ఇంకెవరున్నారు?”

“అందరూ పారిపోయారు. నేనొక్కణ్ణే.”

కుర్చీ ఒకటి కింద పడింది. బూట్లతో పాటు ఆయన చెప్పుల చప్పుడూ మెట్లు దిగిపోయింది. జీపులు కదిలాయి.

ఆమె బయటికి రాలేదు. మళ్లీ వాళ్లను వెంటబెట్టుకొస్తాడని చెవులు రిక్కించి కూర్చుంది. ఎవరూ రాలేదు.

పొద్దు వాలేసరికి గోడ పైనున్న చిల్లుల్లోంచి ఎర్రటి వెలుగు సందులోకి దిగింది.

ఆమె కాళ్ల దగ్గర మడత పెట్టిన చాప, నీళ్ల సీసా, అరటాకులో సగం తిని దాచుకున్న కాల్చిన అరటికాయ ఉన్నాయి. అది వారం రోజులుగా ఆయన తలదాచుకున్న చోటు.