చెవి పరీక్ష

"ముందు చెవి చూపించు. పెళ్ళి మాట ఆ తర్వాత!"

రూలిన్‌కి కాబోయే అత్తగారు గువాన్, తన టీ కప్పు మీద మూత ఠపీమని పెట్టింది. చైనాలోని చెంగ్‌డూ ఊరి పార్కులో టీ తాగుతున్నవాళ్ళంతా ఇటు తిరిగారు. చెవులు శుభ్రం చేసే ఫూ తాత సన్నని చెంచా పట్టుకుని ఖాళీ కుర్చీ పక్కన నిలబడ్డాడు.

రూలిన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఈ పరీక్ష ఎందుకో ఆ ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. చెవిలో గుబిలి పొట్టులా పొడిగా రాలితే సరే. జిగటగా వచ్చిందా, చంకల్లో చెమట కంపు, వాళ్ళ మాటల్లో 'నక్క కంపు', ఖాయం.

"నువ్వు మా ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ ముక్కు మూసుకోలేక చస్తున్నా," అంది గువాన్. "చంకల్లో చెమట గ్రంథులు తీయించే ఆపరేషన్ చేయించుకోమంటే వినవు. మా ఇంటావంటా లేదమ్మా ఈ దరిద్రం!"

ఆవిడ కొడుకు జియాహె బడి రోజుల నుంచీ హాస్టళ్ళలోనే పెరిగాడు. పెళ్ళి మాట ఖాయం చేసుకుందామని ఈ వేసవిలో రూలిన్‌ని వెంటబెట్టుకొచ్చాడు. ఇప్పుడేమో అంత ఎండలోనూ జాకెట్ జిప్పు గొంతుదాకా లాక్కుని, బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

"దరిద్రం ఏమిటండీ అత్తయ్యగారూ!" రూలిన్ గొంతు పెంచింది. "అసలు చెమటకి వాసనే లేదు. చర్మం మీదుండే సూక్ష్మజీవులు దాన్ని తిని కంపు పుట్టిస్తాయి. అవి మీ ఒంటి మీదా ఉన్నాయి. కొందరి చెమట వాటికి విందు భోజనం, అంతే! రెండు పూటలా సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడుచుకుని, ఉతికిన చొక్కా వేసుకుంటే సరిపోయేదానికి కత్తెందుకు? చచ్చినా ఒప్పుకోను."

"అబ్బో, నోరు చూడు! అలాంటి ఒళ్ళున్నవాళ్ళు నా గడప తొక్కడానికి వీల్లేదు."

"ఎవరైనా సరేనా?"

"ఎవరైనా సరే!"

"అందరూ విన్నారుగా?"

రూలిన్ ఒక్కసారి జియాహె వైపు చూసింది. విసురుగా వెళ్ళి కుర్చీలో కూర్చుని, చెవి మీది జుట్టు వెనక్కి తోసుకుంది.

ఫూ తాత చెంచా లోపల మెల్లగా తిప్పి, బయటికి తీసి, అరచేతిలో దులిపాడు. గువాన్ కళ్ళద్దాలు సర్దుకుని వంగింది.

ఊదితే ఎగిరిపోయేలా ఉన్న ఆ పొడి పొట్టుని చూసి ఆవిడ తెల్లబోయి నిలబడితే, జియాహె లేచి, జాకెట్ విప్పి బల్ల మీద పడేసి, "ఇప్పుడు నా చెవి చూడు తాతా, నేను ఏ గడప తొక్కాలో ఆ తర్వాత అమ్మే చెప్తుంది" అంటూ అదే కుర్చీలో కూర్చున్నాడు.