పాట లేని పడవ

"ఇది ఏనుగు. ఏదీ, అనండి!" అన్నాడు నరసింహులు పుస్తకం పైకెత్తి.

"లెలెఫాన్!" అని గొంతు చించుకున్నారు పిల్లలు.

నరసింహులు నెత్తి కొట్టుకున్నాడు.

ఓడలెక్కి వచ్చిన తెలుగు కూలీలకు ఈ పరాయిదేశంలో, కాంప్ ద మాస్క్ చెరకుతోటల్లో పుట్టిన పిల్లలు. ఇక్కడి క్రియోల్ భాష తప్ప ఇంకో మాట నోట పలకదు. ఎవరెవరినో బతిమాలి మద్రాసు నుంచి ఈ బొమ్మల పుస్తకం తెప్పించాడు. నెల తిరిగేలోగా తోట దొర వచ్చి చూస్తానన్నాడు. పిల్లలకు నాలుగు తెలుగు ముక్కలొస్తే సరే సరి, లేదంటే ఈ పాక బడి కాదు, కంచరగాడిదల కొట్టం.

"బొమ్మకు పాటుండాల నాయనా. పాట లేకుంటే బొమ్మ పిల్లోళ్ళతో ఎట్టా మాట్లాడుద్ది?"

గుమ్మం దగ్గర ఆకుకూరల తట్ట దించుకున్న ముసలామె అంది ఆ మాట. పేరు ఈశ్వరమ్మ. మహేబోర్గ్ నుంచి కొత్తగా వచ్చింది. అంతకుమించి ఎవరికీ తెలియదు.

"అయితే నువ్వే పాడవ్వా, విందాం" అన్నాడు నరసింహులు వెటకారంగా.

ఈశ్వరమ్మ పాడింది. మెల్లగా ఊగే వరసలో ఏనుగు మాటలు కూర్చి పాడింది. పిల్లలు గప్‌చుప్!

మర్నాడు చిలుకకు ఒక పాట. ఆ మర్నాడు పిల్లికి ఇంకొకటి. ఇక చూడాలి సంబరం! ఆమె వరస ఎత్తుకుంటే చాలు, అందరికంటే చిన్నది వసంతి కూడా సరిగ్గా ఆ పేజీయే తీసి "చిలుక!" అని అరిచేది.

పిల్లలకు బుద్ధి కూడా వచ్చింది. నరసింహులు గుమ్మంలో కాలు పెట్టేసరికే వరసగా కూర్చుని ఉండేవాళ్ళు. తానంటే ఎంత భయమో అని అతను మురిసిపోయేవాడు.

ఇక మిగిలింది పడవ బొమ్మ.

"దీనికి లేదయ్యా నా కాడ" అంది ఈశ్వరమ్మ.

"మూడింటికి ఉండి దీనికి లేకపోవడమేంటవ్వా?"

"ఇంకొకటే ఉంది. అది ఒకరిది. ఇయ్యకూడదు."

"పాట కూడా ఒకరి సొత్తేనా! చోద్యం!"

ఎంత బతిమాలినా ఆమె నోరు విప్పలేదు. దొర రావడానికి వారమే ఉంది. నరసింహులుకు ఒళ్ళు మండింది.

అదే సమయానికి బడి పిల్లల్లో ఒకరి తల్లి సుబ్బమ్మ జుట్టు విరబోసుకుని వచ్చిపడింది.

"మాస్టారూ! ఈమె పాడించేవి చచ్చిపోయిన బిడ్డల జోలపాటలంట! నేనడిగితే నా మొహానే చెప్పింది. నా బిడ్డకు నిన్నటి నుంచి ఒళ్ళు కాలిపోతా ఉంది!"

నరసింహులు ఈశ్వరమ్మ వైపు తిరిగాడు. "నిజమా అవ్వా?"

"నిజమే నాయనా. మా ఇంట ఏ బిడ్డ జోల ఆ బిడ్డదే. బిడ్డ పోతే ఆ పాట మళ్ళీ ఎత్తం. ఏనుగుది మా పెద్దోడి పాట. చిలుకది పిల్లది. పిల్లిది, పేరన్నా పెట్టకముందే పోయినోడిది. అమ్మవారు ముగ్గుర్నీ ఒక్కసారే తీసుకుపోయింది."

"తెలిసి తెలిసి మా పిల్లల చేత పాడిస్తావా?"

"ఇన్నేళ్ళూ నా గొంతులోనే మగ్గినాయి. ఈళ్ళ నోట నాలుగు నాళ్ళు ఆడుకుంటాయని."

పాకలో చలిగాలి దూరినట్టయింది. పిల్లలు ఒకరికొకరు దగ్గరగా జరిగారు.

"చాలు! రేపటి నుంచి ఇటు రావద్దు!" అన్నాడు నరసింహులు.

ఆమె తట్ట ఎత్తుకుంది. వెళ్తూ వెళ్తూ ఆగింది.

"మీ అమ్మను బాగా చూసుకో నాయనా."

సుబ్బమ్మ బిడ్డకు మర్నాడే జ్వరం దిగింది. అవ్వను మళ్ళీ పిలిపిద్దామా అనుకున్నాడు నరసింహులు. ఇంతలో చేపలమ్మే జోసెలిన్ మహేబోర్గ్ నుంచి కబురు మోసుకొచ్చింది. తిరిగి అక్కడికే చేరిన ఆకుకూరల అవ్వ కన్నుమూసిందట. దగ్గర ఒక్కరూ లేరట.

ఆ రోజు నుంచి అతనికి పుస్తకం తెరవాలంటే భయం. ఏనుగు బొమ్మ తీస్తే ఎవరో పిల్లవాడు పక్కన నిలబడి ఊగుతున్నట్టుండేది.

దొర రానే వచ్చాడు. కాళ్ళు సరిగా ఆడని తల్లి వెంకమ్మను కూడా నరసింహులు చెయ్యిపట్టి నడిపించుకొచ్చి ఒక మూల కూర్చోబెట్టాడు. ఆమె గుడిసె దాటి ఎన్నాళ్ళయిందో!

పిల్లలు పాడారు. ఏనుగు, చిలుక, పిల్లి. దొర మొహం విప్పారింది. తానే పేజీ తిప్పి పడవ మీద వేలు పెట్టాడు.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నరసింహులు దొర వెనకనుంచి "పడవ" అని పెదవులతో అందించబోయాడు.

కొడుకు అవస్థ చూడలేక మూలనుంచి వెంకమ్మ సన్నగా ఒక వరస ఎత్తుకుంది.

ఒక్క పిల్లయినా పడవ వంక చూడలేదు. అందరూ తలలు తిప్పి నరసింహులు వైపే చూశారు.

దొర పకపకా నవ్వాడు. మూడు పాటలు చాలన్నాడు. పాక బడిదేనని చెప్పి గుర్రమెక్కాడు.

నరసింహులుకు సంతోషం లేదు. "అమ్మా, ఆ పాట నీకెక్కడిది?"

వెంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీదేరా అయ్యా. ఇన్నేళ్ళూ చెప్పడానికి నోరు రాలేదు. ఓడలో మశూచి వచ్చినోళ్ళను విడిగా ఉంచే దీవికి పట్టుకుపోతా ఉంటే, నిన్ను కన్నతల్లి నా ఒళ్ళో నిన్ను పడేసింది. ఇది పాడితేనే నిద్రపోతాడని వరస నేర్పి పోయింది. ఆ దీవిలోనే పోయిందన్నారు."

నరసింహులు పిల్లల వైపు చూశాడు. వసంతిని దగ్గరకు పిలిచి క్రియోల్‌లో అడిగాడు.

"మీరంతా నన్నెందుకు చూశారమ్మా?"

"మీరు అదిగో ఆ మలుపు కాడ కనబడగానే ఈశ్వరమ్మవ్వ రోజూ ఇదే పాడేది మాస్టారూ, ఇది మీ మాస్టారి పాట, ఆయనకు చెప్పమాకండి అనేది."