వాల్వు మూసిందెవరు

ఇళ్లను వెచ్చబెట్టే హీటింగు బాగుచేసే రోనా, వేడినీటి గొట్టాలున్న అల్మారా ముందు మోకాళ్ల మీద కూర్చుని, వాల్వు మీది మోటారు విప్పింది. కింది ఇరుసును వేళ్లతో తిప్పితే సులువుగా తిరిగింది.

"దీనికి ఏ జబ్బూ లేదమ్మా."

"నేనే ఏదో కెలికి పాడుచేశానంటాడు మా ఆయన," అంది ఆ ఇంటామె ఇష్‌బెల్. చంకలో బిడ్డకి ఇంట్లోనే కోటూ టోపీ తొడిగింది. బయట డండీ ఊరి వీధుల్లో మంచు పడుతోంది.

రోనా మోటారు బిగించి, గోడకున్న పరికరంలో వేడి పెంచింది. వాల్వు గుర్రుమంటూ తెరుచుకుంది. గొట్టం వెచ్చబడింది. ఇద్దరూ నవ్వుకునేలోపే టక్కున మూసుకుపోయింది.

"దానంతటది మూసుకోలేదు. ఎవరో మూశారు. ఈ హీటింగు నడిపే యాప్ ఎవరి ఫోన్లో ఉంది?"

"ఆయన ఫోన్లోనే. కానీ ఆయన సముద్రం మీద, చమురు తీసే రిగ్గులో..." ఇష్‌బెల్ తన ఫోను వైపు చూసింది.

అంతలో ఆమె ఫోను మోగింది. బిడ్డ చంకలో ఉండడంతో వేలితో స్పీకరు నొక్కింది.

"వేడెందుకు పెంచావు? ఇంట్లో ఎవరున్నారు?" అంది ఆయన గొంతు.

రోనా చేతిలోని పనిముట్టు చప్పుడు కాకుండా కింద పెట్టింది.

"ఎవరూ లేరు. పిల్లకి చలేస్తోందని..."

"దుప్పటి కప్పు. నన్నడక్కుండా దాన్ని ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"

ఆయన ఫోను పెట్టేశాడు. ఇష్‌బెల్ బిడ్డను గుండెకు హత్తుకుంది.

"అంటే ఈ చలికాలమంతా... నేనేం పాడుచెయ్యలేదన్నమాట."

"లేదు తల్లీ. ఫోనుకి అందకుండా గోడకి మామూలు మీట బిగిస్తాను. ఇక తెరిచినా మూసినా నువ్వే."

ఇష్‌బెల్ తలూపింది. వీధి తలుపు వైపు చూసింది.

"ఆయన ఎల్లుండి వస్తాడు. మీకు వీధి తలుపు తాళం మార్చడం కూడా వచ్చా?"