నాలుగు కిటికీలు, ఒక గీత

“అమ్మాయ్, ఎర్రదాంట్లో మళ్ళీ తెగింది.”

“ఉండండి తాతగారూ, తెరుస్తున్నా.” అవతల మీటలు టకటకమన్నాయి. “అవును. నా దగ్గరా తెగే ఉంది. మీకూ మీ జోడీకీ మధ్యదేగా?”

“అదే.”

“ఏం గీతో ఏమో! మిగతావన్నీ బుద్ధిగానే ఉన్నాయి. ఇదొక్కటే నా ప్రాణం తీస్తోంది. తిన్నారా?”

“తిన్నా. నువ్వు?”

“తింటూనే మాట్లాడుతున్నా.”

లైన్‌మన్ మాటల్లో పొదుపరి. ఇంకో రెండు ముక్కలు మాట్లాడి ఫోన్ పెట్టేశాడు. గోడ గడియారం పదీ పది చూపిస్తోంది. మామూలుగా అయితే మళ్ళీ రేపు పదింటి దాకా ఆ ఇంట్లో మాట వినపడదు.

ముప్పై ఏళ్ళకు పైగా టెలిఫోన్ స్తంభాలెక్కి తీగలు కలిపిన మనిషి. ఊరికీ ఊరికీ మాట కలిపాడు గానీ, తనకంటూ మాట్లాడే మనిషిని సంపాదించుకోలేదు. పెళ్ళి ఊసెత్తితే “స్తంభం దిగాక చూద్దాం” అనేవాడు. దిగేసరికి జుట్టు నెరిసింది.

తీగలు లాగే అతని గ్యాంగులో మొత్తం ఏడుగురు. ఇతను తప్ప అందరూ పోయారు. వాళ్ళ ఫొటోలతో కంప్యూటర్లో ఒక పేజీ చేయించుకున్నాడు. ఒక్కో మనిషికి ఒక్కో డబ్బా. ఎవరు ఎవరితో కలిసి పనిచేశారో తెలిసేలా డబ్బాకీ డబ్బాకీ మధ్య గీతలు, స్తంభాల మధ్య తీగల్లాగా.

చేసిపెట్టింది ఈ అమ్మాయే. ముఖం చూడలేదు. ఎక్కడో ఒంటిగదిలో కూర్చుని పేజీలు చేస్తుందట. మొదటి రోజే ఒప్పందం చెప్పింది.

“బ్రౌజర్లని ఉంటాయి తాతగారూ, పేజీని చూపించే కిటికీలు. ఒకే గీతని ఒక్కో కిటికీ ఒక్కోలా గీస్తుంది. మీ దగ్గర నాలుగున్నాయి. నాలుగూ తెరిచి చూడండి. ఎందులో తెగినా ఫోన్ చెయ్యండి. నాలుగింట్లోనూ అతికిందని మీరన్న రోజుతో నా పని అయిపోయినట్టు.”

నీలిది, ఎర్రది, పచ్చది, ముసలిది. కిటికీలకి అతను పెట్టుకున్న పేర్లవి. మొదటి రోజు ముసలిదాంట్లో అతని డబ్బా నుంచి బయల్దేరిన గీత, జోడీ డబ్బాకి బొటనవేలంత దూరంలో ఆగిపోయింది. జోడీ అంటే కింద నిలబడి నిచ్చెన పట్టుకునేవాడు. వాడు పట్టుకున్నన్నాళ్ళూ ఇతను కిందికి చూసిన పాపాన పోలేదు. ఆ గీత అలా గాల్లో వేలాడుతుంటే లైన్‌మన్‌కి అన్నం సయించలేదు. ఫోన్ చేశాడు.

అప్పట్నుంచీ రోజూ పొద్దున పదింటికి ఫోనే. ఒకరోజు నీలిదాంట్లో అనేవాడు, ఒకరోజు పచ్చదాంట్లో అనేవాడు. మొదటి రింగుకే ఎత్తేది. ఆ గదిలో కుళాయి చుక్కల చప్పుడే గానీ ఇంకో మనిషి గొంతు ఏనాడూ వినపడలేదు.

ఈ పని అయిపోతే ఆమెకి తనతో పనేముంది? అది తలుచుకున్నప్పుడల్లా లైన్‌మన్ ఫోన్ వంక చూసేవాడు.

“నలభై రోజులా! ఒక్క గీతకా!”

కంప్యూటర్ అమ్మిన షాపాయన నోరెళ్ళబెట్టాడు. ఆ మధ్యాహ్నమే కొత్త మౌసు ఇవ్వడానికి వచ్చి సంగతి విన్నాడు.

“ఆ పిల్లకి పని రాదు పెద్దాయనా. మా దగ్గర ఒకడున్నాడు, గంటలో అతికిస్తాడు. ఆమెని మానిపించెయ్యండి. ఏదీ, నన్ను చూడనివ్వండి.”

కుర్చీ లాక్కున్నాడు. లైన్‌మన్ వంగి, గోడ దగ్గర ప్లగ్గు పీకాడు. తెర నల్లబడింది.

“కరెంటు పోయింది” అన్నాడు.

షాపాయన తలెత్తి, గిరగిరా తిరుగుతున్న ఫ్యాన్ వంక చూశాడు. తర్వాత లైన్‌మన్ వంక చూశాడు.

“సరే, ఆమెనే అడుగుదాం.” బల్ల మీది ఫోన్ అందుకుని, చివరగా చేసిన నంబరు నొక్కి, స్పీకర్ పెట్టాడు.

మొదటి రింగుకే ఎత్తింది. “తాతగారూ! ఏమైంది? ఈ వేళప్పుడు చేశారేం?”

“తాతగారు కాదమ్మా, కంప్యూటర్ షాపువాణ్ణి. నలభై రోజులుగా ఒక్క గీత అతికించలేకపోయావట. ఇంతకీ అతికిందా, లేదా? అదొక్కటి చెప్పు.”

లైన్‌మన్ కుర్చీ వీపు పట్టుకున్నాడు. స్తంభం మీద కాలు జారిన రోజు కూడా అంత గట్టిగా దేన్నీ పట్టుకోలేదు.

అవతల కుళాయి చుక్క ఒకటి పడింది. ఇంకోటి పడింది.

“అతకలేదండీ” అంది.

“అంటే పని రాదనేగా?”

“అలాగే అనుకోండి. నా చేతకానితనమే. ఎర్రదాంట్లో తెగే ఉంది, ఇప్పుడే చూశాను. రేపు పదింటికి మళ్ళీ చూస్తానని తాతగారికి చెప్పండి.”

“సిగ్గు లేకుండా ఒప్పుకుంటోంది చూడండి! ఇక మీ ఇష్టం, మీ ఖర్మ.” షాపాయన మౌసు బల్ల మీద పడేసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

లైన్‌మన్ తలుపు వేశాడు. ప్లగ్గు పెట్టాడు. కిటికీలు నాలుగూ పక్కపక్కన తెరిచాడు.

నాలుగింట్లోనూ, ఐదో రోజున అతికింది మొదలు ఒక్క పూట కూడా తెగని ఆ గీత, అతని డబ్బా నుంచి జోడీ డబ్బా దాకా నిండుగా సాగి ఉంది.